చలికోట్ల తనిఖీ

వచ్చిన మనిషికి కుర్చీ వెయ్యలేదు.

వెయ్యొద్దని పెద్దక్క ముందే చెప్పింది. ఆ కుట్టు ఫ్యాక్టరీలో నలభై మంది ఆడవాళ్లకూ ఆవిడ మాటే మాట. ఓనరు కూడా ఆవిడతో మాట్లాడే ముందు గొంతు సవరించుకుంటాడు.

అతను సరుకు తనిఖీకి వచ్చాడు. బక్కపల్చటి మనిషి. నెరిసిన మీసం, మెడలో టేపు, చేతిలో భూతద్దం. పది నిమిషాల్లో 'భూతద్దం' అన్నదే అతని పేరైపోయింది.

గోడౌన్లో నాలుగు వేల చలికోట్లు అట్టపెట్టెల్లో సిద్ధంగా ఉన్నాయి. పిల్లలవి. ఓడెక్కి పరాయి దేశానికి పోవాలి.

ముందురోజే ఓనరు అందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు.

"రేపొచ్చేవాణ్ణి కొనే కంపెనీవాళ్లు ఎందుకు పంపుతున్నారో తెలుసా? అక్కడి సర్కారు బయటి బట్టల మీద పన్ను రెట్టింపు చేసింది. మన కోట్లు కొంటే వాళ్లకిప్పుడు గిట్టదు. ఊరికే వద్దనడానికి లేదు, ఒప్పందం ఉంది. కుట్టులో తప్పు చూపిస్తే మాత్రం మొత్తం వెనక్కి కొట్టొచ్చు."

"కొడితే?"

"గేటుకి తాళమే."

"వాళ్ల రేవులో పన్నేస్తే మా ఇంట్లో పొయ్యి ఆరాలా అన్నా?" అంది గుండీల వదిన. కోట్లకి గుండీలు చేత్తో కుట్టేది ఆవిడే.

"ఎందుకారుతుందే?" అంది పెద్దక్క. "మన కుట్టుకి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు. రానీ."

భూతద్దం నిలబడే పెట్టెలు విప్పాడు. వదిన నీళ్ల క్యాను అవతలికి జరిపింది. ఎవరో ఫ్యాను కట్టేశారు.

"ఉక్కగా ఉందా సారూ?" పెద్దక్క గుమ్మంలో నిలబడి అడిగింది. "చలికోటు తొడుక్కుంటావా? నాలుగు వేలున్నాయి, ఏదో ఒకటి పట్టకపోదు."

ఆడవాళ్లు గొల్లున నవ్వారు.

అతను నవ్వలేదు. కోపమూ తెచ్చుకోలేదు. ఒక కోటు తిరగేసి లోపలి లైనింగు వెంట వేలు నడిపాడు. ఒకచోట వేలు ఆగింది.

"తలుపేసుకుంటానమ్మా. ఎవరూ లోపలికి రాకండి."

తలుపు పడింది.

"లోపలేం చేస్తున్నాడక్కా? బ్లేడుతో కోసేసి మనమీదకి తోస్తాడేమో!" అంది వదిన.

"తెగిన దారానికీ తెంపిన దారానికీ తేడా నాకు తెలీదా? ఆ పని చేస్తే కాలరు పట్టుకుని రోడ్డు మీదకి ఈడుస్తా."

అలా రెండు రోజులు. రెండో రోజు మధ్యాహ్నం బయటికొచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏం రాశావ్?" అంది పెద్దక్క.

"చూసింది రాశానమ్మా."

"ఏం చూశావ్?"

అతను సంచీ భుజాన వేసుకుని గుమ్మం దగ్గర ఆగాడు.

"మూడో వరుస మిషన్లకి సూదులు మార్పించండి. మొద్దుబారాయి."

పెద్దక్కకి ఒళ్లు మండింది.

"మా సూదుల జోలి నీకెందుకు? వాళ్లు పన్నేశారని మన సర్కారు అక్కణ్ణుంచొచ్చే సూదుల మీద పన్నేసింది. వారం వాడి పారేసేదాన్ని నెల వాడుతున్నాం. నువ్వేమన్నా కొనిపెడతావా?"

"లేదమ్మా."

"మరింకేం? నడు."

నడిచాడు. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. గేటు దాటేదాకా అందరూ కొట్టారు.

వారం తిరగ్గానే ఇంకొకడు కార్లో దిగాడు. కుర్రవాడు, నల్ల కళ్లజోడు.

"మళ్లీ తనిఖీ ఏంటి? అయిపోయిందిగా!" అంది పెద్దక్క.

"అది లెక్కలోకి రాదు. ఆ ముసలాయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. తప్పు రాసుకురమ్మంటే, ఏ తప్పూ లేదని రాసిచ్చాడు," అన్నాడు వాడు.

వదిన చేతిలో సూది ఆగింది. "అయ్యో, మన కోసమా అక్కా?"

"మన కోసమేంటే? తప్పు లేదు, లేదని రాశాడు. అదేమన్నా దానమా?" పెద్దక్క కళ్లజోడు వైపు తిరిగింది. "నువ్వూ చూసుకో బాబూ. ఎన్ని పెట్టెలు కావాలంటే అన్ని విప్పు. కనపడితే రాయి. కనపడకపోతే సంతకం పెట్టు. ఈ రెంట్లో ఒకటి చెయ్యందే నీ కారు కదలదు."

నలభై మందీ మిషన్లు ఆపి లేచారు. వెళ్లి గేటుకి అడ్డంగా నిలబడ్డారు.

వాడు పెట్టె మీద పెట్టె విప్పాడు. లాగాడు, కొలిచాడు, వెలుతురుకి పట్టి చూశాడు. పొద్దు వాలేసరికి కళ్లజోడు తీసి మొహం తుడుచుకున్నాడు. సంతకం పెట్టాడు.

గేటు దగ్గర కేకలు మిన్నంటాయి. ఓనరు లారీకి ఫోను చేశాడు.

పెద్దక్క, వదిన విప్పిన కోట్లు మడతపెట్టడానికి కూర్చున్నారు. ఒకదాని లైనింగు దగ్గర పెద్దక్క చెయ్యి ఆగింది. చంక కింద, మిషను దారం తప్పిపోయిన చోట, నాలుగు వేళ్ల పొడవున చీమకాళ్లంత సన్నటి చేతికుట్టు. బయటికి కనపడదు. ఇంకో కోటు తిరగేసింది. అదే చోట, అదే కుట్టు. ఇంకోటి. గబగబా పక్క పెట్టె గుమ్మరించింది. ఇరవై దాకా తేలాయి. అన్నీ మూడో వరుస మిషన్ల మీద కుట్టినవే.

"నువ్వు సర్దేశావా ఇవి? నాతో ఒక్కమాట చెప్పొద్దటే?"

వదిన కోటు తీసుకుని కళ్ల దగ్గర పెట్టుకుంది. కుట్టు వెంట గోరు పోనిచ్చి చాలాసేపు చూసింది.

"మనలో చేత్తో కుట్టేదాన్ని నేనొక్కదాన్నేగా అక్కా," అంది మెల్లగా. "ఇది నా చెయ్యి కాదు. ఆ తలుపేసుకున్నాయనది."