గిట్టని ఇంటిపేరు

"సలై అన్న ఇంటిపేరు ఆయనకు గిట్టదు సార్. ఆ ఇల్లు ఇంకెవరికైనా ఇవ్వండి," అంది ఎన్యూమరేటర్ సలై గారు.

సూపర్‌వైజర్ వెల్కో అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఆమె మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ గేటు తియ్యలేదట! ఊరంతా జనాభా లెక్క పూర్తయింది, ఆ ఒక్క ఇల్లే మిగిలింది. సాయంత్రంలోగా అదీ రాయకపోతే పైవాళ్ళ చేత అక్షింతలు తప్పవు. దానికి తోడు వెల్కో ఉపన్యాసాల మనిషి. సెర్బియాలో ఈ వోయ్‌వోదినా అంటే ఏమిటి? సెర్బులు, హంగేరియన్లు, స్లోవాకులు, రొమేనియన్లు ఒకే సంతలో ఒకే పుచ్చకాయకు బేరమాడే చోటు. ఇక్కడ హంగేరియన్ పేరు చూసి గేటు మూసేయడమా?

"ఇంకొకరిని పంపితే ఆయన గెలిచినట్టే. నేనూ వస్తా, పదండి," అన్నాడు.

మెడలో వేలాడే గుర్తింపు కార్డును గుప్పిట్లో పట్టుకుని ఆమె వెనకే నడిచింది.

గేటు తట్టగానే కుక్క వెల్కో మీదికి లంఘించింది. ఆమె దగ్గరికి మాత్రం తోకాడించుకుంటూ వెళ్ళి కాళ్ళు నాకింది. ఈ ఇంట్లో జాతిభేదం తెలియనిది ఇదొక్కటే అనుకున్నాడు వెల్కో, ప్యాంటు దులుపుకుంటూ.

"లెక్క రాయించకపోతే జరిమానా పడుతుంది పెద్దాయనా!" అని వీధంతా వినపడేలా అరిచాక గేటు తెరుచుకుంది. ఇంటాయన రాదివోయ్ మీసాలు ముందు, మనిషి తర్వాత బయటికొచ్చారు.

"మీరు రండి బాబూ. ఆవిడ కూడా రావాలా?"

"రాసేది ఆవిడే."

"సరే, కానీండి. నేను మాత్రం మీతోనే మాట్లాడతా."

వంటింట్లో కూర్చున్నారు. రాదివోయ్ భార్య పెర్సిదా కాఫీ తెచ్చింది. చక్కెర ఎంత వెయ్యాలని వెల్కోను అడిగింది. సలై గారి కప్పులో మాత్రం అడగకుండానే మూడు చెంచాలు వేసి కలిపింది. గసగసాల రొట్టెలో పెద్ద ముక్క కూడా అటే వెళ్ళింది. మొగుడి మొరటుతనానికి పాపం ఈ ఇల్లాలు సిగ్గుపడుతోంది అనుకున్నాడు వెల్కో.

"మీ జాతి? చెప్పడం చెప్పకపోవడం మీ ఇష్టం," అంది సలై గారు, తలెత్తకుండా.

"ఆవిడకి చెప్పండి బాబూ, సెర్బ్! మా తాత సెర్బ్, మా ముత్తాత సెర్బ్, పెరట్లో ఆ ఆల్‌బుకరా చెట్టు కూడా సెర్బే!"

"చెట్లకు ఇందులో గడి లేదు," అందామె.

"లేకపోతే పెట్టుకోమనండి. చెట్టయితే నాటిన చోట ఉంటుంది."

వెల్కో గొంతు సవరించుకున్నాడు. ఉపన్యాసానికి ఇదే సమయం. సరిగ్గా అప్పుడే పక్కింటి గోడ మీదుగా ఓ బట్టతల లేచింది.

"రాదివోయ్! నీ నిచ్చెన ఇదిగో!"

రాదివోయ్ కిటికీలోంచి సగం బయటికి వేలాడుతూ అచ్చమైన హంగేరియన్‌లో ఏదో తిట్టాడు. అవతలాయన అంతకన్నా పెద్ద తిట్టు తిట్టాడు. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వుకున్నారు.

"మా యానోష్," అన్నాడు రాదివోయ్ కళ్ళు తుడుచుకుంటూ. "నా పెళ్ళికి సాక్షి. మాకిద్దరికీ పేకాట లేనిదే పొద్దు గడవదు."

వెల్కో బుర్ర తిరిగిపోయింది. "ఆయనా హంగేరియనే కదా! మరి మా సలై గారితో ఏంటి మీ పేచీ?"

"యానోష్ మా ఇంట్లోంచి ఏం పట్టుకెళ్ళినా తిరిగి తెచ్చిస్తాడు బాబూ. ఆ సలై వాళ్ళు అలా కాదు."

సలై గారి ముఖం కందగడ్డలా ఎర్రబడింది. ఏకంగా దొంగతనమే అంటగడుతున్నాడు! వెల్కోకు ఆమె మీద జాలి, ముసలాయన మీద మంట పుట్టుకొచ్చాయి. త్వరగా ముగిద్దామని తర్వాతి ప్రశ్న వైపు చూశాడు. అది ఇంటావిడను అడగాల్సింది. సలై గారి కలం అక్కడ ఆగిపోయింది. ఎంతకీ అడగదు. చివరికి వెల్కోనే గట్టిగా చదివాడు.

"అమ్మా, మీరు ఎంతమంది పిల్లల్ని కన్నారు?"

"ఒక్కడే," అన్నాడు రాదివోయ్ టక్కున. "బోగ్దాన్. పట్నంలో ట్రాక్టర్లు బాగుచేస్తాడు. ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు."

సలై గారు గడి మీదికి వంగి, నెమ్మదిగా ఒకటి వెయ్యబోయింది.

"ఆగు!" పెర్సిదా కాఫీ గిన్నెను బల్ల మీద ఠంగున కొట్టింది. "కన్నది నేను. ఆ లెక్క నేను చెప్తాను. నువ్వు పందుల లెక్క చెప్పుకో."

ఆ మహాతల్లి మొగుడికి ఎదురు చెప్పడం బహుశా అదే మొదటిసారి. ముసలాయన మీసం మెలేశాడు, మెలి విప్పాడు, మళ్ళీ మెలేశాడు. రొట్టె ముక్క తీసుకుని తినకుండానే పెట్టేశాడు.

"బాబూ, ఇందులో అబద్ధం చెబితే కూడా జరిమానానా?" అన్నాడు ఉన్నట్టుండి.

"మరి కాదూ!"

"ఎంతేమిటి?"

"రెండు పందుల్ని అమ్ముకోవాల్సి వస్తుంది."

"రెండా! అమ్మో!" రాదివోయ్ గుండె మీద చెయ్యేసుకున్నాడు. అంత సంతోషంగా భయపడే మనిషిని వెల్కో ఎన్నడూ చూడలేదు. "విన్నావుటే పెర్సిదా? చట్టంతో పెట్టుకుంటే కొంపకే ముప్పు. నా మాట నెగ్గించుకుందామంటే పందులు పోయేట్టున్నాయి. ఏం చేస్తాం!"

అంతవరకూ వెల్కో వైపే తిప్పి ఉన్న కుర్చీని కిర్రుమని పక్కకు జరిపాడు. మొదటిసారి సలై గారి వంక చూశాడు.

"ఇద్దరని రాసుకో," అన్నాడు.

ఆమె కలం కదల్లేదు. కాగితం మీద చుక్క నీరు పడింది. చిన్నమాటకే ఈవిడ ఇలా అయిపోతే ఎలా అనుకుని, వెల్కో అధికారికంగా తనే అందుకున్నాడు. "రెండోవారి పేరేమిటి పెద్దాయనా?"

"చదువుకున్నవాడివి, ఆమాత్రం చదవలేవా బాబూ? దాని మెడలోనే వేలాడుతోంది."