అంతస్తుల మధ్య ఏకాభిప్రాయం

లిఫ్టు తలుపులు మూసుకున్నా ఆ ఇద్దరి నోళ్లు మూతపడలేదు.

"ఇవాళ గడిస్తే మా కరెంటు పొదుపు బిల్లు మురిగిపోతుందక్కా. గంటలో ఓటింగు. కాస్త దయ చూపండి," అన్నాడు విద్యుత్ మంత్రి.

"మురగనీ. చచ్చినా మా వాళ్ల ఓటు పడదు," అంది ప్రతిపక్ష నాయకురాలు.

మాటా మాటా పెరిగింది. పాత తగాదాలన్నీ తవ్వుకున్నారు. ఉన్నట్టుండి లైటు ఆరింది, ఫ్యాను ఆగింది.

"చూశావా మీ పాలన! శాసనసభలోనే కరెంటు లేదు!"

మంత్రి గోడ తడమబోయాడు.

"ఏదీ ముట్టుకోకు! మధ్యలో వేలాడుతున్నాం. తాడు తెగిందంటే రెండు పార్టీలూ ఒక్కసారే నేలకూలతాయి."

అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఫోనులో సిగ్నలు లేదు. పది నిమిషాలకి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. అంతలో ఆమె చెయ్యి చీకట్లో వెతుక్కుంటూ వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

"తమ్ముడూ, ఇంతకీ ఆ బిల్లులో ఏముంది?"

"అదేంటక్కా, చదవకుండానే వద్దన్నారా?"

"మీరు తెచ్చారుగా. ఇంకా చదవడమెందుకు?"

ఆఫీసుల్లో కరెంటు తాగేసే పాత యంత్రాలు తీసేయాలనీ, మిగిలిన కరెంటు ఆసుపత్రులకూ బడులకూ ఇవ్వాలనీ మంత్రి చెప్పుకొచ్చాడు.

"ఓరి నీ! ఇది మా హయాంలో మేం తెచ్చిందే కదా! అప్పుడు సభలో చించి పోగులు పెట్టింది మీరే!"

"మీరు తెచ్చారని చించాం," నసిగాడు మంత్రి.

ఆమె పకపకా నవ్వింది. అతనికీ నవ్వాగలేదు.

"బతికి బయటపడితే మా ఓట్లన్నీ నీకే. ఒట్టు!"

ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే లైటు వెలిగింది. లిఫ్టు గుర్రుమంటూ పైకి కదిలి నాలుగో అంతస్తులో ఆగింది. బయట లిఫ్టు కోసం ఎదురుచూస్తున్న గుమాస్తా, చేతులు పట్టుకుని దిగుతున్న ఇద్దర్నీ చూసి నోరెళ్లబెట్టాడు.

బిల్లు నెగ్గింది. ఒక్క వ్యతిరేక ఓటూ లేదు. సభ బల్లలు అదిరిపోయాయి.

సాయంత్రం మంత్రి, అక్కను పక్కన కూర్చోబెట్టుకుని, లిఫ్టు మెకానిక్ మీద విరుచుకుపడ్డాడు.

"మా ప్రాణాలు పోయేవయ్యా! ఏం రిపేరొచ్చింది దానికి?"

మెకానిక్ బుర్ర గోక్కున్నాడు.

"రిపేరేం లేద్సార్. ఎక్కినవాళ్లు ఏ అంతస్తూ నొక్కకపోతే కరెంటు ఆదా కోసం లైటూ ఫ్యానూ వాటంతటవే ఆగిపోతాయి. పైన గుమాస్తా మీట నొక్కేదాకా తమరిద్దరూ ఎక్కినచోటే నిలబడి ఉన్నారు!"