నల్ల తెర మీద గొడుగు

భార్య నవ్వు మళ్లీ వినపడింది. సర్వర్ల గది తలుపు వేసి ఉన్నా వినపడింది.

ఇద్దరిదీ ఒకే ఆఫీసు. పరిచయమూ ఇక్కడే. అతను కంపెనీ సర్వర్లు చూస్తాడు. ఆమె పై అంతస్తులో, సేల్స్‌లో. ఇప్పుడు ఆమెను నవ్విస్తున్నది కొత్తగా వచ్చిన సేల్స్ మేనేజరు.

"మీ ఆవిడ నవ్వు కింద దాకా దిగొస్తోంది గురూ," అన్నాడు పక్క సీటాయన. "ఇంట్లోనూ ఇలాగే నవ్వుతుందా, ఆఫీసు వరకేనా?"

"నీ పని చూసుకోవయ్యా."

ఇంట్లో ఆమె అలా నవ్వి చాలా కాలమైంది. అది పక్క సీటాయనకి చెప్పుకునే సంగతి కాదు.

మేనేజరు చేరిన రోజు నుంచీ అతనికి ఒళ్లు మండుతూనే ఉంది. కొత్తవాళ్లకి మొదటి పాస్‌వర్డ్ రాసిచ్చే పని అతనిదే. మేనేజరుకి 'చెత్తబుట్ట' అని రాసిచ్చాడు. ఆయన చదివి పకపకా నవ్వాడు. భుజం తట్టి వెళ్లాడు. సాయంత్రంలోగా బుద్ధిగా మార్చేసుకున్నాడు కూడా. తప్పు పట్టడానికి ఏమీ మిగల్చలేదు.

పోయిన వారం వాన పడింది. అతను కారు తీసుకొచ్చి గేటు బయట ఆగాడు. భార్యా, మేనేజరూ ఒకే గొడుగు కింద నడిచొచ్చారు. మేనేజరు గొడుగును ఆమె వైపే వంచి పట్టుకున్నాడు. ఆయన చొక్కా ఒక పక్కంతా తడిసింది. తను ఆమెకు గొడుగు పట్టింది ఎప్పుడో అతనికి గుర్తు రాలేదు.

పైన నవ్వు ఆగింది. ఆగడం అతనికి అసలే నచ్చలేదు.

కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. ఆమె మెయిల్ చూడాలి. మేనేజరుతో ఏం రాసుకుంటోందో తెలియాలి. దానికి ఆమె పాస్‌వర్డ్ కావాలి.

ఉద్యోగులందరి పాస్‌వర్డులూ వేరే ఊళ్లో ఉన్న ఒక సర్వర్‌లో దాచి ఉంటాయి. ఒక్కొక్కరికి ఒక్కో పెట్టె. ఉద్యోగి మానేస్తేనో, ఆసుపత్రి పాలైతేనో తప్ప ఇంకొకరు ఆ పెట్టె తెరవకూడదు. ఆ నియమం రాసింది అతనే. తెరిస్తే సొంతదారు ఫోనుకి కబురు వెళ్లే ఏర్పాటు చేసిందీ అతనే. ముందు ఆ కబురు ఆపాడు.

నల్ల తెర మీద సర్వర్ పేరు కొట్టాడు. తన డిజిటల్ తాళం చూపించాడు. సర్వర్ లోపలికి రానిచ్చింది. భార్య పెట్టె పేరు కొట్టి ఎంటర్ నొక్కాడు.

ఒకే ఒక్క వరుస వచ్చింది.

తడిసినగొడుగు.

మెయిల్ తెరవలేదు. ఇక తెరిచేదేముంది అనుకున్నాడు. ఆ మాట ఎప్పుడు దాచారో తెలియాలంటే ఇంకో ఆజ్ఞ కొట్టాలి. ఎవరి పెట్టె చూసినా ముందు తేదీ చూసే మనిషి. ఇవాళ చూడలేదు. తేదీ తనకు తెలుసు. పోయిన వారం, వాన.

కిందికి దిగి వాచ్‌మన్‌ని పట్టుకున్నాడు.

"మొన్న వానలో మా ఆవిడ వచ్చిన గొడుగు ఎవరిది?"

"మేనేజరు గారిదే సార్," అన్నాడు వాచ్‌మన్. "ఆ రోజు అందర్నీ ఆ గొడుగు కిందే గేటు దాకా దింపారు సార్ ఆయన. నన్నూ టీ కొట్టు దాకా..."

అతను అప్పటికే వెనక్కి తిరిగాడు.

సాయంత్రం ఇద్దరూ కారులో ఇంటికి చేరారు. ఆమె ఆరిన బట్టలు మంచం మీద పోసి మడతలు పెడుతోంది.

"ఏంటి, కారులో ఒక్క ముక్క మాట్లాడలేదు?"

"మాట్లాడ్డానికి నీకు వేరేవాళ్లున్నారుగా."

"ఎవరు, మేనేజరా?" ఆమె నవ్వింది. "ఆయన జోకులకి గోడలు కూడా నవ్వుతాయి. నువ్వొక్కడివే నవ్వవు."

"తడిసినగొడుగు," అన్నాడు అతను. "ఆ మాట నీకెవరిచ్చారు?"

ఆమె చేతిలో చొక్కా ఆగిపోయింది.

"నా పెట్టె తెరిచావా?"

"అడిగినదానికి చెప్పు."

"తెరిచావా, లేదా?"

"తెరిచాను. ఏం? నాకు తెలియాలి. ఎవరిచ్చారో చెప్పు, లేదంటే ఈ రోజుతో మన కాపురం సరి. ఇప్పుడే వెళ్లిపోతాను."

ఆమె చొక్కా మడత పూర్తి చేసింది. అది అతని చొక్కానే. దాన్ని అతని బట్టల మీద పెట్టింది. తర్వాత ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల ముందు కూర్చుంది.

ఏదో మాట కొట్టింది. ఆగింది. ఇంకో మాట కొట్టింది. మళ్లీ ఆ మాటే కొట్టింది. ఒకే మాటను రెండుసార్లు కొట్టమని కంప్యూటర్ ఎప్పుడు అడుగుతుందో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు.

మూత దించింది. అతని వైపు తిరిగింది.

"నేను ఉద్యోగంలో చేరిన రోజు, మీ గది మూల నీళ్లు కారుతున్న నా గొడుగును చూసి మీరే రాసిచ్చారు సార్, సాయంత్రంలోగా మార్చుకోమన్నారు, మార్చబుద్ధి కాక ఇన్నేళ్లూ ఉంచుకున్నాను, ఇప్పుడు మార్చేశాను."