వంకర గీత

గోడ మీద గీసిన గీత వంకరగా కనిపించేసరికి శీనయ్య గుండె జారింది. దారం పట్టి, సుద్ద కొట్టి గీసిన గీత అది. వంకర పోదు. వంకర తన కంట్లోనే ఉంది.

ఉదయగిరిలో సగం కొట్ల బోర్డులు రాసింది అతనే. మూడేళ్ల కిందట సున్నం నానబెడుతుంటే చింది పడి రెండు కళ్లూ పోయాయి. డాక్టర్ రేణుకాదేవి నెల్లూరులో ఆపరేషన్ చేసి, కుడికంటికి కాలిపోయిన ముందుపొర బదులు ప్లాస్టిక్ కార్నియా అమర్చింది. మళ్లీ కుంచె పట్టాడు. రోజూ ప్రార్థనలో ఆమె పేరు చెప్పుకునేవాడు.

ఇప్పుడు ఆ కంటి వెనక రెటీనా ఉబ్బింది. ఆరు నెలలుగా తమ్ముడు దయాసాగర్ చెయ్యి పట్టుకుని, రేణుకాదేవి ఇప్పుడు పనిచేస్తున్న ఆత్మకూరు ఆస్పత్రికి తీసుకెళ్తున్నాడు. వెళ్లిన ప్రతిసారీ రెటీనా ఫోటో తీస్తారు. తర్వాత శీనయ్యను బయట బల్ల మీద కూర్చోబెట్టి, మేడమ్‌తో దయాసాగరే మాట్లాడి వస్తాడు. మన దగ్గర కూడా ఉండాలని దయాసాగర్ ఒక కాపీ అడిగి తెచ్చుకుంటాడు. వైద్యం మాత్రం మొదలుకాదు.

"కంట్లో సూది ఎప్పుడు ఏస్తారంటరా?"

"ఇప్పుడే వద్దనిందన్నా మేడమ్. ఇంకో ఫోటో చూడాలంట."

"ఫోటోలతో చూపొస్తాదా?"

"ఆస్పత్రోళ్లు అంతేలేన్నా. మన మీద నేర్చుకుంటా ఉండారు."

నమ్మించి గొంతు కోసిందని శీనయ్య రగిలిపోయాడు. ప్రార్థనలో ఆమె పేరు మానేశాడు.

ఆ కడుపుమంటలో ఒక్కటే సంతోషం. దయాసాగర్‌కు చేజర్లలో గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది. నల్లద్దాలు పెట్టుకుని దొరలా పోతున్నాడు. వాడి గుమ్మానికి పేరు పలక శీనయ్యే రాశాడు. పలకకు ముక్కు ఆనించి రాస్తే నాలుగు రోజులు పట్టింది.

తమ్ముడికి సెలవు దొరకని రోజున ఒక్కడే ఆత్మకూరు బస్సెక్కాడు. కడిగేయాలనే వెళ్లాడు.

"నా కన్ను మీ ఫోటోలకేనా మేడమ్? సూది ఎందుకు ఎయ్యలా?"

రేణుకాదేవి తెల్లబోయింది. "వద్దని నువ్వే రాసిచ్చావు కదా, ఆరుసార్లు! ఇప్పుడు వేసినా చూపు రాదు శీనయ్యా."

ఆమె తీసిన కాగితాలను అతను కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "ఇది నా రాత గాదు. మీరే రాసుకున్నారు. నిలువునా ముంచినారు గదమ్మా!"

ఆమె ఇంకో కాగితం అతని ముందు పెట్టింది. చూపులేని వారి కోటాలో ఉద్యోగం సంపాదించిన ఒకరి కంటి రిపోర్టు అది. నిజమో కాదో చెప్పమని కలెక్టరాఫీసు నుంచి వచ్చింది. దాని మీది పాడైన రెటీనా ఫోటో చుట్టూ గుండ్రటి నల్ల అంచు ఉంది.

"ఆ అంచు ప్లాస్టిక్ కార్నియాది. ఈ చుట్టుపక్కల అలాంటి కన్ను నీ ఒక్కడికే ఉంది. కింద పేరు నువ్వే చదువు."

శీనయ్య కాగితానికి ముక్కు ఆనించి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. నాలుగు రోజులు కష్టపడి తమ్ముడి గుమ్మానికి తాను రాసిన అక్షరాలే అవి.