ఊరికే వచ్చిన పాట

"ఇది వద్దు," అన్నాడు రామారావు. "పోయినేడు పాడిందే. అమ్మేసిన సరుకు మళ్లీ తెచ్చి చూపిస్తే ఎవడు చూస్తాడు?"

అరకులో కాఫీ గింజలు కొనే వ్యాపారి అతను. వాయిద్యాలు లేకుండా, గొంతులతో మాత్రమే పాడే బృందం ఒకటి పెట్టాడు. హార్మోనియం కొనక్కర్లేదన్నది ఆ సంగీతంలో అతనికి అన్నిటికంటే నచ్చిన విషయం. అనురాధ టీచర్ పాడుతుంది. బ్యాంకులో పనిచేసే ధర్మతేజ నోటితో డప్పు వాయిస్తాడు. రామారావు వెనక నిలబడి "ధుం ధుం" అంటాడు. ఆదివారం ఉత్సవంలో వాళ్లకి చోటు దొరికింది. ఒక్కటే షరతు: ఎవరూ వినని పాట ఒకటైనా ఉండాలి. లేకపోతే ఆ చోటు వేరే బృందానికి పోతుంది.

"నేనొకటి రాశానండీ," అని ధర్మతేజ పాడి వినిపించాడు.

"నువ్వు డప్పే వాయించు బాబూ," అన్నాడు రామారావు.

"పాత కీర్తన ఏదైనా తీసుకుందామంటే మీ గొంతు అందుకోదు," అంది అనురాధ.

"నా గొంతుకేటయింది?"

"ఏమీ అవలేదండీ. ఎప్పుడూ అలాగే ఉంటుంది."

రామారావు జీపు తాళాలు తీశాడు. "కొండ మీదకి పోదాం పదండి. అక్కడ పాటలు ఊరికే పడుంటాయి. ఏరుకోవడమే."

కొండ మీది గూడెంలో చిన్నమ్మి మెడలో బుట్ట వేసుకుని తోటకి బయల్దేరుతోంది. ఏటా రామారావుకే కాఫీ అమ్ముతుంది.

"ఇప్పుడు కుదర్దు సావుకారు," అంది. "పల్లు ముగ్గి రాలిపోతన్నాయి. మా ఇంటాయన విశాపట్నం పనికెల్లిపోనాడు. ఒక్కదాన్నే కోసుకోవాల."

"ఒక్క పాట చెప్పమ్మా, పోతాం. ఇదిగో, డబ్బులూ గట్రా మాత్రం..."

"డబ్బులేటికి? పాటకి డబ్బులెవులు తీసుకుంతారు?"

రామారావుకి ఆమె మీద ఒక్కసారిగా గౌరవం కలిగింది.

చిన్నమ్మి బుట్ట దించి వాళ్లని ఎగాదిగా చూసింది. ముఖ్యంగా చేతులు చూసింది. "ఒకటుంది. మొదటి ముక్క నాను పాడతాను. రెండో ముక్క మీరందరూ కలిసి అందుకోవాల. గూడెపోల్ల ఎదర పాడితేనే పాట మీదవుద్ది."

"అర్థం ఏంటి?" అడిగింది అనురాధ.

"ఏటుంది? నాను రమ్మంతాను. మీరు వత్తామంతారు."

"ప్రేమ పాట," అంది అనురాధ, ధర్మతేజ వైపు తిరిగి.

"ప్రేమయితే మరీ మంచిది. ఉత్సవంలో బాగా పోతుంది," అన్నాడు రామారావు.

గూడెం పెద్ద బుధు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ముసలాళ్లూ ఆడవాళ్లూ చుట్టూ చేరారు. చిన్నమ్మి గొంతెత్తి పిలిచింది. ముగ్గురూ అందుకున్నారు. రామారావు "ధుం ధుం" కూడా ఎక్కడో ఒకచోట అతికింది. గూడెం చప్పట్లు కొట్టింది. అతనికి మాత్రం ఇంకా కొసరు కావాలనిపించింది.

"పెద్దాయనా, ఆదివారం మీ వాళ్లు థింసా నాట్యం ఆడటానికి ఎలాగూ వస్తున్నారు కదా. ముందు వరసలో కూర్చుని ఈ పిలిచే ముక్క మీరే పాడండి. ఇంటికొకరు. వంతులవారీగా."

బుధు చిన్నమ్మి వైపు చూశాడు. "ఇంటికొకలా?"

"ఒక్క ఇల్లు కూడా తప్పిపోకూడదు. ప్రతి పిలుపుకీ మేం బదులు పాడతాం. స్టేజీ దద్దరిల్లిపోవాలి."

"మరోపాలి సెప్పు సావుకారు. అందరూ ఇంతారు."

రామారావు మెట్టెక్కి మరీ చెప్పాడు. గూడెం ఇందాకటికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

అప్పుడు బుధు లోపలికెళ్లి మూడు వెదురు బుట్టలు తెచ్చాడు. ఒక్కొక్కరి మెడలో ఒక్కొక్కటి తగిలించాడు.

"సన్మానం," అన్నాడు రామారావు మెల్లగా. "శాలువాకంటే ఇదే నయం. దేనికైనా పనికొస్తుంది." ముగ్గురూ బుట్టలతో సెల్ఫీ తీసుకున్నారు. ధర్మతేజ అక్కడికక్కడే దాన్ని బృందం వాట్సాప్‌లో పెట్టాడు.

"ఇక వస్తాం," అంటూ రామారావు జీపు వైపు నడిచాడు.

"అటు కాదు, తోట ఇటు," అంది చిన్నమ్మి.

"తోటేంటి?"

బుధు ఓపిగ్గా చెప్పాడు. "ఇది మా కోతల పాట. పనికి మడుసులు లేనోలు పిలుత్తారు. బదులు పాడినోలు ఆ పిలిచినోల తోట కోసి పెడతారు. బుట్ట మెళ్లో ఏసుకున్నారంటే ఒప్పుకున్నట్టే."

అనురాధ బుట్ట తీయబోయి ఆగింది. చుట్టూ అందరూ ఆమె చేతినే చూస్తున్నారు.

"మాకేం తెలుసండీ?" అన్నాడు ధర్మతేజ. "కొయ్యకపోతే ఏమవుతుంది?"

"ఏటీ అవదు బాబూ. మాట తప్పినోలికి ఈ కొండ మీద ఎవులూ పాట ఇవ్వరు," అన్నాడు బుధు. తర్వాత రామారావు వైపు తిరిగాడు. "కాపీ గింజలు కూడా ఇవ్వరు."

రామారావు మనసులో లెక్క వేసుకున్నాడు. ఎటునుంచి వేసినా ఒకే జవాబు వచ్చింది. ప్యాంటు పైకి మడిచాడు.

"సరే. ఒక్క తోటే కదా. సాయంత్రానికి కోసేసి పోదాం," అన్నాడు.

ముందు నడుస్తున్న చిన్నమ్మి వెనక్కి తిరక్కుండానే అంది: "ఈయేళ ఒకటే సావుకారు, ఆదివారం ఇంటికొకలు సొప్పున పిలవమన్నది నువ్వే కదా."