ఎనిమిదో రౌండు

“ఆ బాక్సింగు గుద్దులాట చూసి నువ్వూ ఎవరినైనా గుద్దితే, పోలీసులు నా గుమ్మంలోకొస్తార్రా రత్నరాజూ!” అంటూ నా కొడుకు వెంట నేనూ అమలాపురం వీడియో హాలుకి వెళ్ళాను.

ఎనిమిదో రౌండులో నీలం నిక్కరు కుర్రాడు వెల్లకిలా పడిపోయాడు. రిఫరీ అంకెలు లెక్కపెడుతున్నాడు. సరిగ్గా అప్పుడే హాలు యజమాని శరభయ్య క్యాసెట్టు ఆపి టీవీ కట్టేశాడు.

“మిగతా రౌండ్లకి ఇంకో టికెట్టండీ.”

“పోయిన వారమూ ఇంతేగదండీ! సగం గెడ్డం గీసి, మిగతా సగానికి మళ్ళీ డబ్బులడిగినట్టుంది మీ యాపారం!” అంటూ రత్నరాజు పిడికిలి బిగించి లేచాడు.

నేను భయపడినంతా అయ్యేలా ఉందని వాడి చెయ్యి పట్టుకున్నాను. కానీ నా కళ్ళు ఆ నల్లటి తెర మీదే ఉండిపోయాయి.

“బాబూ, పడిపోయిన పిల్లాడు లేస్తాడా? వాళ్ళమ్మ కూడా చూస్తోందేమో,” అని శరభయ్యని అడిగాను.

“ఆయన చెప్పరమ్మా. చెప్పేస్తే రెండో టికెట్టు ఎవరు కొంటారు?” అన్నాడు రత్నరాజు.

శరభయ్య చేతిలోని టికెట్ల పుస్తకాన్ని చూశాడు. నన్ను చూశాడు.

“లేస్తాడండీ పిన్నిగారూ,” అన్నాడు చివరికి. “ఆఖర్న గెలిచేదీ అతనేనండీ.”