ఏడో నంబరు

తేనెటీగల క్లాసు బట్టలున్న సంచీని బావమరిది చేతిలో పెట్టి, హెడ్ గుమాస్తా అటూ ఇటూ చూశాడు.

"చూడు, ఈ సంగతి మూడో మనిషికి తెలియకూడదు. ముఖ్యంగా మీ అక్కయ్యకి."

"నా నోట్లోంచి ఒక్క ముక్క బయటికొస్తే అడగండి బావగారూ," అన్నాడు బావమరిది, సంచీని ఒంటికి కాస్త దూరంగా పట్టుకుని.

అతను వాచీలు బాగుచేస్తాడు. వెంట్రుకంత స్ప్రింగునైనా చెయ్యి వణక్కుండా బిగిస్తాడు. తేనెటీగల దగ్గరికి పంపడానికి అంతకన్నా తగిన మనిషి ఎక్కడ దొరుకుతాడు?

అసలు గొడవంతా గ్రంథాలయం వెనకున్న ఖాళీ స్థలంతో వచ్చింది. అక్కడ కొత్తవాళ్లకి మూడు క్లాసులు పెట్టారు. కూరగాయల పెంపకం, ఎరువు తయారీ, తేనెటీగల పెంపకం. మూడూ పూర్తిచేసినవాళ్లకి అక్కడే తలా ఒక మడి ఇస్తారు.

రిటైరై ఆరు నెలలైన గుమాస్తాకి ఆ మడి కావాలి. ఎంత కావాలంటే, కలలో కూడా బెండ మొక్కలకి నీళ్లు పోస్తున్నాడు. ఇంట్లో తోచక వంటింటి డబ్బాలన్నిటికీ లేబుళ్లు అంటించి, నంబర్లు వేసి, రిజిస్టరు రాశాడు. భార్య మూడు రోజులు ఓర్చుకుంది. నాలుగో రోజు, "ఉప్పు కావాలంటే రిజిస్టరు చూడాలా? మీకో దండం పెడతాను, బయటెక్కడైనా ఓ పని చూసుకోండి," అంది. ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. తనదంటూ నాలుగడుగుల చోటు ఎక్కడైనా ఉంటే బాగుండుననిపించింది.

కూరగాయల్లో అతనికి తిరుగులేదు. ఎరువు విషయంలోనైతే టీచరమ్మే నోరెళ్లబెట్టింది. ఎండుటాకులు ఓ వరస, కూరగాయ తొక్కలు ఓ వరస, ప్రతి వరసకీ తేదీ వేసి మరీ ఫైళ్లు పేర్చినట్టు పేర్చాడు.

కానీ తేనెటీగలు! చిన్నప్పుడొకటి ముక్కు మీద కుట్టింది. ఆ ముక్కు మళ్లీ మామూలు సైజుకి రాలేదని అతని గట్టి నమ్మకం. జుమ్మన్న చప్పుడు వింటే చాలు, కాళ్లు అతన్ని అడక్కుండానే పరుగందుకుంటాయి.

అదృష్టం కొద్దీ తేనె మాస్టారు మొహాలు చూసే మనిషి కాదు. తల నుంచి కాళ్ల దాకా వదులుగా తెల్లబట్టలు, మొహానికి ముసుగు వల, వీపు మీద నంబరు. ఈగల పెట్టెల దగ్గర ఎవరూ నోరు విప్పకూడదు, ఊపిరి తగిలితే ఈగలకి కోపం. హాజరు కూడా వీపు చూసే వేసుకుంటాడు. గుమాస్తాది ఏడో నంబరు. ఆ బట్టల్లో ఎవరు దూరినా ఆయనకి ఏడో నంబరే.

అలా ప్రతి శనివారం పొద్దున్నే సంచీ బావమరిదికి చేరేది. ఆ రెండు గంటలూ వాచీల షాపులో గుమాస్తా భార్య కూర్చుంటుందని ఏర్పాటు. "తమ్ముడికి బయట ఏదో పనుందట, సాయంగా ఉండి వస్తాను," అని పాపం తనే బయల్దేరేది. గుమాస్తా మాత్రం నాలుగు వీధులవతల టీ కొట్టులో పేపరు తిరగేసి, ఇంటికొచ్చి ప్రతాపాలు మొదలుపెట్టేవాడు.

"ఇవాళ మూడు కుట్టాయోయ్."

"అయ్యయ్యో! ఎక్కడా వాపు లేదేమిటండీ?"

"రాటుదేలిన ఒళ్లు. వాపు రాదు."

"నయమే. నాకు చూడండి, నూనె చిట్లితేనే మణికట్టు ఎలా ఉబ్బిందో."

ఆడవాళ్లు మరీ సుకుమారం అనుకున్నాడు గుమాస్తా.

ఇంకో శనివారం ఆవిడ, "రాణి ఈగ ఎంతుంటుందండీ?" అని అడిగింది.

"దగ్గర దగ్గర పిచ్చుకంత. నేనంటే దానికెంత గౌరవమనుకున్నావు! చూడగానే పక్కకి జరిగి దారిస్తుంది."

ఆవిడ "అలాగా" అని గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది. లోపల్నుంచి చాలాసేపు దగ్గు వినిపించింది.

"మందేసుకో, ముదిరిపోతుంది!" అని కేకేశాడు గుమాస్తా.

ఆఖరి శనివారం పరీక్ష. పెట్టె తెరిచి, అన్ని వేల ఈగల్లో రాణిని వెతికి చూపించాలి. చూపిస్తే మడి చేతికొస్తుంది. లేదంటే ఏడాది ఆగాలి. ఏడాది పాటు మళ్లీ ఆ ఉప్పు డబ్బా రిజిస్టరే గతి! పైగా సర్టిఫికెట్టు ముసుగు తీసి అందుకోవాలట. అందుకే పథకం వేశాడు. పరీక్ష అయ్యాక ఏడో నంబరు పనిముట్ల గదిలోకి రావాలి. గుమాస్తా అక్కడ ఆ బట్టలు తొడుక్కుని బయటికి రావాలి.

వెనక తలుపులోంచి గదిలో దూరి, కిటికీ సందుకి కన్ను ఆనించాడు.

ఏడో నంబరు చేతులు పెట్టె మూత ఎత్తాయి. ఈగలు గుప్పున లేచాయి. గుమాస్తాకి గదిలో ఉండగానే చెమటలు పట్టాయి. ఆ చేతులు మాత్రం బెదరలేదు. తీరిగ్గా ఒక్కో చట్రం పైకి తీసి, చూసి, లోపల పెట్టి, నాలుగోదాని మీద ఓ మూలకి వేలు చూపించాయి. మాట్లాడకూడదన్న నియమం తనే మర్చిపోయి "భేష్!" అని అరిచాడు తేనె మాస్టారు.

మడి వచ్చేసింది! గుమాస్తా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా బంగారు బావమరిదీ, నీ చేతికి కడియం చేయించినా తప్పులేదు!" అన్నాడు పైకే.

"అయ్యో, నాకెందుకులెండి," అంది వెనకనుంచి ఓ గొంతు.

గుమాస్తా ఉలిక్కిపడి తిరిగి చూశాడు. చీకటి మూలన బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, బావమరిది వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"నువ్విక్కడుంటే, అక్కడ పెట్టె తెరిచిందెవరయ్యా?"

బావమరిది అరచేతిలో పొట్టు ఊది, బుర్ర గోక్కున్నాడు.

"నాకూ ఆ ఈగలంటే చచ్చేంత భయం బావగారూ, మొదటి శనివారం నుంచీ ఆ ముసుగేసుకుని వెళ్తున్నది మా అక్కయ్యే."